మీ బిల్డింగ్‌ను ఏ అవార్డుకు పంపాలి?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఐదారుగురితో నడిచే ఆర్కిటెక్ట్ ఆఫీసు అనుకుందాం. ఏడాదికి ఒకటో రెండో ప్రాజెక్టులు మనసుకు నచ్చినట్టు పూర్తవుతాయి. మెయిల్ తెరిస్తే మాత్రం అవార్డుల పిలుపులు వరసకట్టి ఉంటాయి. ‘ఎర్లీ బర్డ్ ఫీజు ఈ శుక్రవారంతో ఆఖరు’, ‘మీ ప్రాజెక్టు మా టీం దృష్టిలో పడింది’, ‘గడువు మరో పది రోజులు పెంచాం’. అన్నిటికీ పంపే డబ్బూ ఓపికా చిన్న ఆఫీసుకు ఉండవు. ఒకటి రెండు ఎంచుకుని మిగతావి వదిలేయాల్సిందే.

ఎంచుకునేటప్పుడు చాలామంది అవార్డు పేరు ఎంత పెద్దదో చూస్తారు. నేనైతే జ్యూరీ మన భవనాన్ని ఏ దారిలో చూస్తుందో ముందు చూడమంటాను. కొన్నిచోట్ల ఫోటోలతోనే తేల్చేస్తారు. కొన్నిచోట్ల డ్రాయింగులు కూర్చుని చదువుతారు. ఒకచోట మీరే వేదిక ఎక్కి చెప్పుకోవాలి. అతి కొద్దిచోట్ల మనిషిని పంపి, భవనమంతా తిప్పించి, వాడుకునేవాళ్లతో మాట్లాడించి రిపోర్టు తెప్పించుకుంటారు. మీ భవనం ఈ నాలుగింటిలో ఎక్కడ గట్టిగా నిలబడుతుందో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

ముందు ఇవి వేరుచేసి చూడండి

డిజైన్ కాంపిటీషన్ వేరు, అవార్డు వేరు. కాంపిటీషన్‌లో ఇంకా కట్టని భవనానికి ఆలోచన ఇస్తారు, గెలిస్తే పని రావచ్చు. ‘రావచ్చు’ అనే అనాలి. అమరావతి ప్రభుత్వ సముదాయానికి 2016లో జ్యూరీ జపాన్‌కు చెందిన మాకి సంస్థను ఎంపిక చేసినా, చివరికి డిజైన్ పని బ్రిటన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థకు వెళ్లింది. అవార్డు మాత్రం ఎక్కువగా కట్టేసిన భవనానికి. ఇందులో పని రాదు, పేరు వస్తుంది.

గ్రీన్ రేటింగ్ కూడా అవార్డు కాదు. హైదరాబాద్‌లోని సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో లీడ్ అనే అమెరికా గ్రీన్ రేటింగ్ పద్ధతిలో అన్నిటికన్నా పై మెట్టయిన ప్లాటినం పొందింది. అమెరికా బయట ఆ స్థాయి అందుకున్న మొదటి భవనం అదే. అది పోటీలో గెలిచినది కాదు, లెక్క ప్రకారం పాయింట్లు సంపాదించి తెచ్చుకున్నది. పాయింట్లు వస్తే పక్కవాడి భవనం ఎంత గొప్పదైనా మీ రేటింగ్ మీకు వస్తుంది. కొత్త క్లయింటుకు కరెంటు బిల్లు తగ్గుతుందని నమ్మకం కలిగించడమే మీ అవసరమైతే, అవార్డుకు పెట్టే ఖర్చు రేటింగ్‌కు పెట్టడం మేలు.

ఇంకోటి, మనిషికిచ్చే గౌరవం. 2018లో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషికి వచ్చిన ప్రిట్జ్‌కర్ బహుమతి, ఈ రంగంలో అతి పెద్దదనేది, ఆయన జీవితకాలపు పనికి వచ్చింది. అదే దోషి ఇండోర్‌లో చేసిన అరణ్య గృహ సముదాయానికి 1995లో వచ్చిన ఆగాఖాన్ అవార్డు ఆ ఒక్క ప్రాజెక్టుది. మనం మాట్లాడుకునేది ఈ రెండో రకం గురించే.

అసలు అవార్డు ఎందుకని అడిగేవాళ్లకు ఒక మాట. రిజిస్టర్డ్ ఆర్కిటెక్టులు తమ సేవల గురించి ప్రకటనలు వేసుకోవడం మీద 1989 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనల్లో పరిమితులున్నాయి. బిల్డర్ వేసినట్టు మెట్రో పిల్లర్ మీద హోర్డింగ్ వేయడం మనకు కుదరదు. ఎవరో నలుగురు నిపుణులు చూసి ‘ఇది బాగుంది’ అంటే ఆ మాట చెప్పుకోవడానికి అడ్డు లేదు. చిన్న ఆఫీసుకు అవార్డు విలువ చాలావరకు అక్కడే.

మన దేశంలో ఉన్నవి

మొదటిసారి పంపేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ (ఐఐఏ) అవార్డులు సాటి ఆర్కిటెక్టులు ఇచ్చేవి. ఆ సంస్థ 1917 నుంచి ఉంది, తెలుగు రాష్ట్రాల్లోనూ చాప్టర్లున్నాయి. మెంబర్‌షిప్ ఉన్నవాళ్లకు ఇది సులువైన తలుపు. జేకే సిమెంట్ వారి ఆర్కిటెక్ట్ ఆఫ్ ది ఇయర్ అవార్డులు 1990లో మొదలయ్యాయి. మన దేశంతో పాటు కొన్ని పొరుగు దేశాలకూ విభాగాలున్నాయి, యువ ఆర్కిటెక్టులకు వేరే ఉంది. ఇళ్లకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ హడ్కో ఇచ్చే డిజైన్ అవార్డుల చూపు తక్కువ ఖర్చు ఇళ్లు, పాత కట్టడాల పరిరక్షణ, గ్రీన్ బిల్డింగుల వైపు ఉంటుంది. లోపలి అలంకరణే ప్రధానమైన ప్రాజెక్టయితే ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్ల సంస్థ అవార్డులున్నాయి, దానికి హైదరాబాద్‌లో చాప్టర్ కూడా ఉంది.

వీటిలో లాభం ఏమిటంటే, జ్యూరీకి మన ఎండ తెలుసు. పడమటి గోడకు కిటికీ ఎందుకు లేదో, బాత్రూమ్ వాస్తు ప్రకారం ఎందుకు అటు జరిగిందో, వంటింటి వెనక వాష్ ఏరియా ఎందుకు అంత పెద్దదో విడమరచి చెప్పక్కర్లేదు. తాండూరు బండ అంటే ఏమిటో పేరా రాయక్కర్లేదు. డ్రాయింగులు చదివే అలవాటు కూడా ఇక్కడ ఎక్కువ. మీ ప్రాజెక్టు బలం ప్లాన్‌లో, సెక్షన్‌లో (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగు) ఉంటే, ఫోటోల్లో మాత్రం సాదాగా కనిపిస్తుంటే, నిస్సందేహంగా ఇటే పంపండి.

నష్టం కూడా చెప్పాలి. ఒకే విభాగంలో మెట్రో నగరాల పెద్ద ఆఫీసుల ప్రాజెక్టులూ, మీ భీమవరం ఇల్లూ పక్కపక్కన కూర్చుంటాయి. అందుకే విభాగం ఎంచుకోవడంలోనే సగం తెలివి ఉంది. ‘నివాస గృహం’లో తోపులాట ఎప్పుడూ ఎక్కువే. అదే ఇల్లు పాత కలపతో, విప్పిన పెంకులతో కట్టి ఉంటే, తక్కువ ఖర్చు లేదా పర్యావరణ విభాగంలో దాని మాట వినిపిస్తుంది. ఒకే ప్రాజెక్టును మూడు విభాగాల్లో వేసి మూడు ఫీజులు కట్టే అలవాటు మాత్రం వద్దు. అది నిర్వాహకులకే లాభం.

ఫోటోలతో గెలిచేవి

డెజీన్ అవార్డులు, ఆర్కిటైజర్ ఏ ప్లస్ అవార్డులు, ఆర్క్‌డైలీ బిల్డింగ్ ఆఫ్ ది ఇయర్. మూడూ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్లు ఇచ్చేవే, మూడూ ప్రపంచమంతా చూసేవే. కానీ నడిచే తీరు వేర్వేరు.

డెజీన్ 2018లో మొదలైంది. ఫీజు ఉంటుంది, చిన్న ఆఫీసులకు తక్కువ ఫీజు పెట్టే పద్ధతి వాళ్లది. ఆర్కిటైజర్‌లో ప్రతి విభాగానికీ రెండు బహుమతులు: ఒకటి జ్యూరీది, ఒకటి జనం ఓటుది. ఆర్క్‌డైలీలో ఫీజు లేదు, కానీ ముందు మీ ప్రాజెక్టు ఆ సైట్‌లో అచ్చయి ఉండాలి. ఆ ఏడాది అచ్చయినవాటి నుంచి పాఠకులే ఓట్లేసి ఎంచుకుంటారు. అంటే అక్కడ అసలు పోటీ ప్రచురణ దగ్గరే జరుగుతుంది.

జనం ఓటు గురించి నాకు పెద్ద గౌరవం లేదు. అపార్ట్‌మెంట్ గ్రూపులో, టెన్త్ క్లాస్ బ్యాచ్ గ్రూపులో, మేనమామ గారి కుటుంబ గ్రూపులో లింకు పెట్టి ‘ప్లీజ్ ఓట్ చేయండి’ అనడం మొదలైతే అది ఆర్కిటెక్చర్ కాదు, వార్డు ఎన్నికలు. అయితే ఒక ప్రయోజనం కాదనలేం. ఆ లింకు చూసిన బాబాయిగారి స్నేహితుడు నెల తర్వాత ఫోన్ చేసి ‘మా స్థలం ఒకటుంది, ఓసారి చూస్తారా’ అనవచ్చు. పని కోసమే పంపుతుంటే ఓటు విభాగం తీసిపారేయకండి.

ఈ మూడింటికీ ఫోటోలే ప్రాణం, కాబట్టి వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. జ్యూరీ సభ్యుడు ఒక రోజులో వందల ఎంట్రీలు తిప్పుతాడు. మీ మొదటి ఫోటో దగ్గర ఆగితేనే రెండోది చూస్తాడు. మన ఊళ్లలో ఆ మొదటి ఫోటో దొరకడం కష్టం. ముఖద్వారం ముందు కరెంటు తీగలు, ఎదురుగా రేకుల షెడ్డు, పిట్టగోడ మీద నల్ల వాటర్ ట్యాంకు, సజ్జా కింద వేలాడే ఏసీ యూనిట్లు. గృహప్రవేశం అయిన వారానికే కిటికీలకు మెరుపు కర్టెన్లు వచ్చేస్తాయి. మంచి ఫోటోగ్రాఫరు ఇవన్నీ చూసుకునే వస్తాడు. వర్షాలు తగ్గి, ఆకులు కడిగినట్టున్న అక్టోబర్, నవంబర్ రోజులు అడుగుతాడు. పొద్దుగూకాక ఆకాశం ముదురు నీలంలోకి దిగి, లోపల లైట్లు వెలిగే ఆ కాసేపటి కోసం రెండు గంటల ముందే స్టాండు వేసి కూర్చుంటాడు.

తీగల్ని, పక్కింటిని ఫోటోషాప్‌లో చెరిపేయడం నాకు ఇష్టం ఉండదు. ఇరుకు గల్లీలో, పక్క గోడకు ఆనుకుని కట్టిన ఇల్లయితే ఆ ఇరుకే దాని కథ. పక్కిల్లు కనిపిస్తేనే మీరు లోపల తెరిచిన చిన్న ఆకాశం విలువ తెలుస్తుంది. మనుషుల్లేని ఫోటోలు కూడా అంతే. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మమ్మ ఉంటే, ఆ వరండా వెడల్పు ఎందుకు అంతుందో రాయక్కర్లేదు.

ఫోటోగ్రాఫరు ఫీజు చాలాసార్లు అవార్డు ఫీజు కన్నా ఎక్కువే అవుతుంది. అయినా ఆ ఫోటోలు పదేళ్లు పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త. హక్కులు ఎవరివో, అవార్డులకూ పత్రికలకూ ఇవ్వొచ్చో లేదో ముందే కాగితం మీద రాయించుకోండి. తర్వాత అడిగితే రేటు మారుతుంది.

వేదిక ఎక్కి చెప్పాల్సింది

వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్ 2008లో బార్సిలోనాలో మొదలై, తర్వాత సింగపూర్, బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్, లిస్బన్ తిరిగింది. దీని ప్రత్యేకత ఒక్కటే. షార్ట్‌లిస్ట్ అయిన ప్రతి టీమూ అక్కడికి వెళ్లి, జ్యూరీ ముందు, ప్రేక్షకుల ముందు నిలబడి కొన్ని నిమిషాల్లో ప్రాజెక్టు చెప్పి, ప్రశ్నలకు జవాబివ్వాలి.

చిన్నవాళ్లకు చోటు లేదనుకోకండి. 2014లో ప్రపంచ ఉత్తమ భవనంగా నిలిచింది వియత్నాంలోని హో చి మిన్ నగరంలో ఏ21 స్టూడియో చేసిన ‘ది చాపెల్’ అనే చిన్న సామాజిక భవనం. పాత నిర్మాణాల నుంచి విప్పిన ఇనుప సామాను మళ్లీ వాడి కట్టారు. విమానాశ్రయాలు, మ్యూజియంలు ఉన్న పోటీలో అది గెలిచింది.

కానీ లెక్క వేసుకోండి. ఎంట్రీ ఫీజు, ఫెస్టివల్ పాస్, విమానం టికెట్, వీసా, హోటల్. షార్ట్‌లిస్ట్ అయ్యాక అసలు ఖర్చు మొదలవుతుంది. ఇద్దరు వెళ్తే చిన్న ఆఫీసులో జూనియర్ ఆర్కిటెక్టుకిచ్చే కొన్ని నెలల జీతం అంత అవుతుంది. ఇంగ్లీషులో తడబడకుండా, ఎదురు ప్రశ్నకు నవ్వుతూ జవాబు చెప్పగలిగే మనిషి మీ టీంలో ఉంటే, ఫోటోల్లో పట్టుబడని కథ మీ భవనానికి ఉంటే, ఇది సరైన చోటు. వెళ్లలేనని ముందే తెలిస్తే ఎంట్రీ ఫీజు కూడా కట్టకండి.

మనిషిని పంపి చూసేవి

నాకు బాగా నచ్చేవి ఇవే. వీటిలో ఫోటోతో మాయ చేయడం కుదరదు.

ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు 1977లో ఏర్పడింది. మూడేళ్లకోసారి ఇస్తారు, మొత్తం 10 లక్షల డాలర్లు విజేతలు పంచుకుంటారు. ముస్లింలు గణనీయంగా ఉన్న సమాజాలకు సంబంధించిన ప్రాజెక్టులు చూస్తారు కాబట్టి మన దేశం నుంచీ చాలా వెళ్లాయి. దోషి అరణ్య కాక, చార్లెస్ కొరియా చేసిన భోపాల్ విధాన భవన్‌కు 1998లో వచ్చింది. కట్టి, కనీసం ఏడాదైనా వాడి ఉండాలి. షార్ట్‌లిస్ట్ చేశాక నిపుణుల్ని స్థలానికి పంపుతారు. వాళ్లు చూరు కింద కారిన మరకల దగ్గర నుంచి, నిర్వహణ ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్నదాకా అడుగుతారు. గౌరవం కూడా ఆర్కిటెక్టు ఒక్కడికే దక్కదు. క్లయింటు, మేస్త్రి, పనివాళ్లు అందరూ లెక్కలోకి వస్తారు. 2025 విజేతల్లో బంగ్లాదేశ్‌కు చెందిన మరీనా తబస్సుమ్ చేసిన ‘ఖుది బారి’ ఉంది. వరదకు మునిగే ఇసుక దిబ్బల మీద బతికేవాళ్ల కోసం, విప్పి మోసుకుపోగలిగే వెదురు ఇళ్లు అవి. గోదావరి లంక గ్రామాలు ఎరిగినవాళ్లకు ఆ సమస్యేమిటో చెప్పక్కర్లేదు.

పాత కట్టడం బాగుచేసినవాళ్లకు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డులున్నాయి, 2000 నుంచి ఇస్తున్నారు. కట్టడానికి 50 ఏళ్లు దాటి ఉండాలి, బాగుచేసిన పని గత పదేళ్లలో పూర్తయి ఉండాలి, ఆ తర్వాత కనీసం ఏడాది వాడుకలో ఉండాలి. ప్రైవేటువాళ్లు చేసినవీ, ప్రభుత్వంతో కలిసి చేసినవీ పంపొచ్చు. ఇక్కడ మనిషి రాకపోయినా, అడిగే కాగితాలు మనిషి వచ్చినంత పని చేస్తాయి. 2022లో తెలంగాణకు ఒకేసారి రెండు వచ్చాయి. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో మెట్లబావులకు డిస్టింక్షన్, కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు మెరిట్. రెండోది పెద్ద నగరంలో లేదు, రాజుల స్మారకంగా దేశమంతా ఎరిగినదీ కాదు. పల్లెలో గడి బాగుచేసిన ట్రస్టుకూ, మండువా లోగిలి నిలబెట్టిన కుటుంబానికీ ఆ ఉదాహరణ చాలు.

ఇక్కడ గెలిపించేవి పని జరుగుతున్నప్పటి ఆధారాలు. పని మొదలవకముందు గోడ ఎలా ఉందో ఫోటో, డంగు సున్నంలో ఏం కలిపారో, ఎన్నాళ్లు నానబెట్టారో రాసిన నోట్‌బుక్, పాత దూలం తీసి కొత్తది పెట్టిన రోజు డ్రాయింగు. పని అయిపోయాక ఇవి సృష్టించలేరు. మీ చేతిలో ఇప్పుడు పాత ఇల్లు రిపేరుకు ఉంటే, అవార్డు ఆలోచన లేకపోయినా రేపటి నుంచే ఫోటోలు తీయించండి. సైట్ సూపర్‌వైజరు ఫోన్ చాలు, తేదీ పడితే చాలు.

రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్ ఇచ్చే అంతర్జాతీయ బహుమతి 2016లో మొదలైంది. దాన్లోనూ చివరి వరుసలో నిలిచిన భవనాల దగ్గరికి వెళ్లి చూస్తారు. 2021 బహుమతి బంగ్లాదేశ్‌లోని సాత్‌ఖీరాలో కాషెఫ్ చౌధురి డిజైన్ చేసిన ఫ్రెండ్‌షిప్ ఆస్పత్రికి వెళ్లింది. ఊరికి దూరంగా, ఉప్పునీటి నేలలో 80 పడకల ఆస్పత్రి. వాననీరు పట్టే కాలువ ఆవరణ మధ్య నుంచి జిగ్‌జాగ్‌గా వెళ్తూ ఇన్‌పేషెంట్లనీ అవుట్‌పేషెంట్లనీ వేరు చేస్తుంది. ఇటుక, గాలి, నీళ్లు తప్ప ఆడంబరం లేదు. జిల్లా స్థాయి ఆస్పత్రో హాస్టలో చేసినవాళ్లు ఒకసారి దాని ప్లాన్ వెతికి చూడండి.

దూరంగా ఉండాల్సినవి

మీరు పంపకుండానే ‘మీరు ఎంపికయ్యారు’ అనే మెయిల్ వస్తే ఆగి చదవండి. జ్యూరీ పేర్లు లేకపోవడం, గతేడాది విజేతల జాబితాలో వందల పేర్లుండటం, గెలిచాక ట్రోఫీకి, స్టేజీ మీద రెండు సీట్లకు, సావనీర్ పుస్తకంలో పేజీకి డబ్బు అడగటం. ఈ మూడింటిలో రెండు కనిపిస్తే అది అవార్డు ముసుగేసుకున్న అమ్మకం. ఐదు నక్షత్రాల హోటల్లో సినిమా నటుడి చేతుల మీదుగా షీల్డు తీసుకుంటే ఫోటో బాగానే వస్తుంది. కావాలనుకుంటే తీసుకోండి, కానీ దాన్ని పబ్లిసిటీ ఖర్చు కింద రాయండి. రెండో క్లయింటు దగ్గర అది ఎంత నిలబడుతుందో మీకే తెలుస్తుంది.

గడువు పదేపదే పెంచడం మాత్రం మంచి అవార్డులూ చేస్తాయి. దానొక్కదాన్నీ చూసి అనుమానించక్కర్లేదు.

ఏ భవనం ఎటు?

కొన్ని ఉదాహరణలు నా అభిప్రాయంగా చెబుతాను.

కోనసీమలో కొబ్బరితోట మధ్య కొత్త ఇల్లు, ఫోటోలు అద్భుతంగా ఉన్నాయి, ప్లాన్ మామూలే: ముందు ఆర్క్‌డైలీలో అచ్చుకు ప్రయత్నించండి, డబ్బుంటే డెజీన్. మన దేశపు జ్యూరీ దగ్గర ప్లాన్ మామూలుగా ఉండటం వెంటనే పట్టుబడుతుంది.

కరీంనగర్‌లో మూడు వందల గజాల స్థలంలో రెండు వాటాల ఇల్లు. ఇరుకు, పక్కన గోడలు, ఫోటోకు కోణం లేదు, కానీ సెక్షన్‌లో గాలి, వెలుతురు గొప్పగా తిరుగుతున్నాయి: ఐఐఏ, జేకే. సెక్షన్ పెద్దగా పెట్టండి. మే నెల మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తుందో, వేడి గాలి ఏ దారిన పైకి పోతుందో బాణాలు గీసి చూపండి. దాన్ని వదిలేసి త్రీడీ బొమ్మలు పెట్టడం ఈ ప్రాజెక్టుకు అన్యాయం.

ప్రభుత్వ పాఠశాలకు లేదా బాలికల హాస్టల్‌కు తక్కువ ఖర్చుతో కట్టిన భవనం, రెండేళ్లుగా పిల్లలు వాడుతున్నారు: హడ్కో, ఆ తర్వాత ఆగాఖాన్. వాడుకలో ఉండటమే దీని బలం.

కార్పొరేట్ ఆఫీసు, అద్దాల ముఖం, లోపల ఖరీదైన ఫర్నిచర్: ఇంటీరియర్ అవార్డులు, ఆర్కిటైజర్. అద్దాల ముఖానికి జాలీనో పచ్చటి తెరో అడ్డం పెట్టి ఎండ తగ్గించి ఉంటే పర్యావరణ విభాగం కూడా చూడొచ్చు. కానీ ‘తగ్గింది’ అంటే సరిపోదు, ఆఫీసు మేనేజరు దగ్గర నుంచి ఏడాది కరెంటు బిల్లులు తెచ్చుకోండి.

ఇంకా కట్టని ప్రాజెక్టు? వరల్డ్ ఆర్కిటెక్చర్ ఫెస్టివల్‌లో భావి ప్రాజెక్టులకు విభాగం ఉంది. మొదటిసారి పంపేవాళ్లకు నేను సలహా ఇవ్వను. కట్టాక సగం మారిపోతుంది, మారిన భవనానికి పాత అవార్డు తగిలించుకుని తిరగడం ఇబ్బంది.

ఫారం నింపేటప్పుడు

రాత గురించి ఒక్కటే ఉదాహరణ. ‘ప్రకృతితో మమేకమైన సమకాలీన నివాసం’ అని రాస్తే జ్యూరీకి కొత్తగా తెలిసింది సున్నా. ‘పడమటి వైపు మెట్లు, స్టోర్‌రూమ్, బాత్రూములు పేర్చాం. సాయంత్రం ఎండంతా వాటి మీదే పడుతుంది, పడకగదులు తూర్పు, ఉత్తరాల్లో ఉన్నాయి’ అంటే ప్లాన్ తెరవకముందే బొమ్మ కళ్లకు కడుతుంది. ఈ రెండో తరహా వాక్యాలు నాలుగైదు చాలు.

పేర్లు బయటపెట్టకుండా మదింపు చేసే పోటీల్లో షీటు మీద ఆఫీసు లోగో, ఫైలు పేరులో మీ పేరు ఉంటే ఎంట్రీ తీసేయొచ్చు. జూనియర్లు పాత టెంప్లేట్‌లోనే షీటు తయారుచేసి లోగో వదిలేస్తారు, పంపేముందు అదొక్కటీ చూడండి. టీం పేర్లలో స్ట్రక్చరల్ ఇంజనీరును మరిచిపోకండి. మీ ఆఫీసు వదిలి వెళ్లిపోయిన డిజైనర్ పేరు కూడా ఉండాల్సిందే, గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

క్లయింటు అనుమతి మాటల్లో కాకుండా మెయిల్‌లో తీసుకోండి. ఇళ్ల యజమానులకు ఫోటోల మీద కన్నా ప్లాన్ మీదే భయం ఎక్కువ, అదీ న్యాయమే. ఒక ఇంటి పెద్దావిడ ‘మా బీరువా ఎక్కడుందో లోకానికంతా చూపిస్తారా బాబూ?’ అని అడిగింది. గదుల పేర్లు తీసేసి, వీధి పేరు, ఇంటి నంబరు లేకుండా ప్లాన్ ఇస్తామంటే చాలావరకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆ ప్రాజెక్టును పక్కన పెట్టేయండి, బతిమాలొద్దు.

విదేశీ ఫీజులు డాలర్లలో, పౌండ్లలో, యూరోల్లో ఉంటాయి. మూడు వందల డాలర్లంటే పాతిక వేల పైమాటే, దాని మీద కార్డు ఫారెక్స్ ఛార్జీ, కొన్నిటికి పన్ను. ఎర్లీ బర్డ్‌కీ ఆఖరి రోజు ఫీజుకీ తేడా గట్టిగానే ఉంటుంది. టెన్షన్ పడి ఆఖరి రాత్రి అప్‌లోడ్ చేస్తే ఎక్కువ కట్టడమే కాక, ఫైలు సైజు ఎక్కువైందని సైటు తిప్పికొడుతుంది.

ఇక వరస. ముందు ఎక్కడా అచ్చుకాని ప్రాజెక్టునే తీసుకునే పత్రికలున్నాయి, అచ్చయ్యాకే పోటీకి అర్హత ఇచ్చే ఆర్క్‌డైలీ లాంటివీ ఉన్నాయి. కాబట్టి భవనం పూర్తయిన ఏడాది ఫోటోలు, ప్రచురణ, ఒక జాతీయ అవార్డు. రెండో ఏడాది, మనుషులు వాడటం మొదలై, మొదటి వానాకాలం గడిచి, ఎక్కడ కారిందో ఎక్కడ కారలేదో తెలిశాక, వాడుక చూసే అవార్డులు. ఆగాఖాన్‌కు మూడేళ్ల చక్రం ఉంది కాబట్టి గడువు తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో వేసుకుని, ఆ లోపు హాస్టల్ వార్డెన్ దగ్గరో, ఇంటావిడ దగ్గరో వాళ్ల మాటల్లోనే రెండు పేజీలు రాయించి పెట్టుకోండి.